నల్లగుడ్డు పీతను ఒక్క రాత్రి ఆపండి

శ్రీకాకుళం చేపల బజారులో రోజూ పొద్దున్నే ఒక వస్తువు మురుగుకాలవ పాలవుతుంది. దాన్ని అడిగి కొనేవారు లేరు. వండుకునేవారు ఉన్నా బహు తక్కువ. దానిమీద ఎవరికీ పైసా రాదు. ఆడపీత పొట్టకింద ముద్దగా అంటుకుని ఉండే గుడ్ల గుత్తి అది. కొనేవారు పీతను తిరగేసి చూసి, "ఆ చెత్త తీసేసి తూకం వెయ్యమ్మా" అంటారు. అమ్మే ఆమె బొటనవేలి గోటితో ఒక్క గీకు గీకి పారేస్తుంది. పీత ఓ మాదిరిదైతే ఆ గీకులో పోయేవి కొన్ని లక్షల గుడ్లు. బాగా పెద్దదైతే పది లక్షలు కూడా దాటతాయి.

పీతలు తినవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. పీతల ఇగురు లేకపోతే ఆదివారం వచ్చినట్టే అనిపించని ఇల్లు మాది. జువాలజీ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి తినే ముందు తిరగేసి చూసే అలవాటు ఉంది, అంతే. నేను చెప్పదలచుకున్నది చిన్న సంగతి. గుడ్లు నల్లబడిన పీతను ఒడ్డుకు తెచ్చిన రోజే అమ్మేయకుండా, ఒకటి రెండు రాత్రులు ఉప్పునీటి తొట్టెలో బతికించి ఉంచాలి. గుడ్లు చిట్లి పిల్లలు నీళ్ళలోకి వచ్చేస్తాయి. ఆ నీళ్ళు సముద్రంలో పోసి, పీతను అమ్ముకోవచ్చు. తూకం వేసేటప్పుడు ఎలాగూ తీసి పారేసే గుడ్లే కాబట్టి అమ్మేవారికి పోయేది లేదు, కొనేవారికీ లేదు.

ఇంత సులభమైన పని ఇప్పటిదాకా ఎందుకు జరగలేదంటే, గుడ్డు విషయంలో మనకున్న అయోమయం ఒక కారణం. బజారులో గుడ్డున్న పీత అన్నప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. డిప్ప విప్పితే లోపల నారింజరంగులో కనిపించే ముద్ద ఒకటి. ఉడికితే గట్టిపడి ఎర్రబడుతుంది. దానికోసమే చాలామంది ఆడపీతలను ఏరుకుంటారు. అది అండాశయం. అందులోవి ఇంకా ఫలదీకరణ జరగని గుడ్లు. రెండోది డిప్ప బయట, పొట్టకింది మడతలో ఉండేది. అవి ఫలదీకరణ జరిగి, తల్లి ఒంటిని పట్టుకుని పెరుగుతున్న పిండాలు. మొదటిది మన నాలుకకు సంబంధించిన విషయం, దాని జోలికి నేను వెళ్ళను. నా గొడవంతా రెండోదాని గురించే.

ఈసారి పీత కొన్నప్పుడు వెల్లకిలా తిప్పి చూడండి. కాళ్ళ మధ్యన వెనుక నుంచి ముందుకు మడిచిన పలక ఒకటి ఉంటుంది. రొయ్యకు తోక ఎలాగో పీతకు అది అలాగే. కాకపోతే పొట్టకింద మడుచుకుపోయింది. మగపీతకు ఇది ఇరుకుగా, కొసకు సన్నబడి ఉంటుంది. ఈడు రాని ఆడపీతకు త్రికోణంగా ఉండి ఒంటికి అతుక్కుని ఉంటుంది. ఈడొచ్చిన ఆడపీతకు వెడల్పుగా, అర్ధచంద్రాకారంగా మారి, వేలు పెడితే తెరుచుకుంటుంది. దాని లోపలి వైపు నూగున్న చిన్న కాళ్ళు నాలుగు జతలు ఉంటాయి. గుడ్లు ఆ నూగుకే జిగురుగా అంటుకుని వేలాడతాయి. ఒక్కొక్క గుడ్డు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది.

ఇక రంగు. బయటికి వచ్చిన కొత్తలో గుడ్లు పసుపు, నారింజ. అది సొన రంగు. లోపలి పిండం సొనను తినేకొద్దీ రంగు తగ్గి గోధుమ వన్నెకు వస్తుంది. చివరికి బూడిదరంగు, ఆపైన నలుపు. మన సముద్రం వెచ్చదనంలో ఇదంతా సుమారు వారం పది రోజుల్లో ముగుస్తుంది. బజారులో నల్లగుడ్డును చూసి పాడైపోయిందనుకుంటారు. పసుపు గుడ్డును కాస్త సహిస్తారు గానీ నల్లదాన్ని ముందు గీకించేస్తారు. ఆ నలుపు కుళ్ళు కాదు. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కొక్క గుడ్డులో రెండేసి నల్లచుక్కలు కనిపిస్తాయి. అవి కళ్ళు. లక్షల జతల కళ్ళు ఒకచోట పోగుపడితే వచ్చిన రంగు అది. మైక్రోస్కోపు కింద పెడితే గుండె కొట్టుకోవడం కూడా తెలుస్తుంది. అంటే మనం అన్నిటికంటే అసహ్యించుకునే గుడ్లే అన్నిటికంటే ముందు పుట్టబోయేవి. ఇంకొక్క రాత్రి, మహా అయితే రెండు.

ఈ పీతలు ఎవరో కూడా చెప్పాలి కదా. మన తీరంలో వలకు పడి బజారుకు వచ్చే సముద్రపు పీతల్లో ఎక్కువ భాగం పోర్చునిడే అనే ఒక్క కుటుంబానివే. గుర్తుపట్టడం తేలిక. చివరి జత కాళ్ళ కొసలు గోళ్ళలా ఉండకుండా తెడ్డులా చదునుగా ఉంటాయి. మిగతా పీతలు నడుస్తాయి, ఇవి ఈదుతాయి. ఆ తెడ్లనే పగటిపూట ఇసుక తవ్వుకుని దిగబడడానికీ వాడతాయి. కళ్ళు మాత్రం పైకి పెట్టుకుని కూర్చుని చీకటి పడ్డాక వేటకు బయలుదేరతాయి. గుల్లలు, పురుగులు, చిన్న రొయ్యలు, చచ్చిన చేపలు, ఏది దొరికితే అది. సముద్రపు అడుగును శుభ్రం చేసే పనిలో సగం వీటిదే అనిపిస్తుంది నాకు. ఆ పని చేస్తూనే టేకు చేపలకూ ఆక్టోపస్‌లకూ పెద్ద చేపలకూ తిండి అవుతాయి. మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకూ పీతలంటే ఇష్టమే.

మన దగ్గర దొరికేవాటిలో మూడు చుక్కల పీతను పిల్లలు కూడా పోల్చుకుంటారు. డిప్ప వెనుక భాగంలో తెల్లటి అంచుతో మూడు ముదురు ఎరుపు మచ్చలు. శాస్త్రంలో పేరు పోర్చునస్ శాంగ్వినోలెంటస్. నీలి పీత మరొకటి. మగది నీలం మీద తెల్లటి మరకలతో మెరిసిపోతుంటుంది, ఆడది మట్టిరంగులో వెలవెలబోతుంటుంది. కొత్తగా వచ్చినవారు వాటిని రెండు జాతులనుకుని వేర్వేరు ధర అడుగుతారు. ఈ నీలి పీతకు 1758లో లిన్నేయస్ పెట్టిన పెలాజికస్ అనే పేరే రెండున్నర శతాబ్దాలు నడిచింది. 2010లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఎర్రసముద్రం నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న నమూనాలను పోల్చి, ఇది ఒక జాతి కాదు, నాలుగు జాతులని తేల్చారు. ఆ లెక్కన బంగాళాఖాతంలో మనవైపు దొరికేది పోర్చునస్ రెటిక్యులేటస్. నేను పాఠం చెప్పిన పిల్లలందరూ పాత పేరే రాసి మార్కులు తెచ్చుకున్నారు, పాపం. శిలువ పీత కూడా ఈ కుటుంబానిదే. ఎర్ర చారల మధ్య డిప్ప మీద శిలువ గుర్తు స్పష్టంగా ఉంటుంది. ఇండోనేషియా దీవుల దగ్గర తుఫానులో ఫ్రాన్సిస్ జేవియర్ చేతి శిలువ నీళ్ళలో పడిపోతే, ఒక పీత దాన్ని ఒడ్డుకు తెచ్చి ఇచ్చిందనీ, ఆ గుర్తు అలా వచ్చిందనీ ఐతిహ్యం.

మండపీత కూడా ఇదే కుటుంబం అంటే కొందరు నమ్మరు. తాళ్ళతో కట్టి బుట్టలో పడేస్తే రోజుల తరబడి బతికే ఆ మొండి ప్రాణికీ, నీళ్ళలోంచి తీసిన కొన్ని గంటల్లోనే చచ్చిపోయే చుక్కల పీతకూ చుట్టరికం ఏమిటని. వెనుక కాళ్ళు చూడండి, తెడ్లే. మండపీత కాలవల్లో, ఉప్పుటేరుల్లో పెరుగుతుంది. అయినా గుడ్లు పొదిగే వేళకు ఆడది సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో గుడ్లున్న ఆడపీతలు ఒడ్డుకు 95 కిలోమీటర్ల దూరాన కూడా దొరికాయి. అందుకే భావనపాడు ఏటిలో మండపీతలు పట్టేవారికి బయటగుడ్డు ఉన్నది కనిపించడం అరుదు. నల్లగుడ్డు సమస్య ముఖ్యంగా ఈదే పీతలది. అవి ఒడ్డుకు దగ్గరలోనే, చిన్న పడవల వాళ్ళు అడుగున పరిచే వలల్లోనే, గుడ్లతో సహా పడతాయి.

వాటి కాపురం సంగతి కొంత చెప్పకపోతే నా వాదనలో బలం తెలియదు. పీత పెరగాలంటే కుబుసం విడవాలి. పాత డిప్ప వెనుక వైపు చీలుతుంది. అందులోంచి మెత్తటి ఒంటితో వెనక్కు జారి బయటపడి, నీళ్ళు తాగి ఉబ్బి, ఆ కొత్త సైజులోనే గట్టిపడుతుంది. తరువాత కండ నిదానంగా ఆ ఖాళీలోకి పెరుగుతుంది. ఇగురులో ఉడికించాక డిప్ప నిండా నీళ్ళే ఉన్నాయని అమ్మినావిడను తిట్టుకుంటాం చూడండి, అది కుబుసం విడిచి ఎన్నో రోజులు కాని పీత. అమావాస్య పీత నిండుగా ఉంటుందనీ పౌర్ణమి పీత గుల్ల అనీ మనవైపు పెద్దలు చెప్తారు. చంద్రుడి సంగతి ఎలా ఉన్నా, గుల్లకు కారణం మాత్రం కుబుసమే.

ఆడపీతకు జత కుదిరేది ఆ మెత్తటి వేళలోనే. అందుకని మగది ముందుగానే వచ్చి, కుబుసం విడవబోయే ఆడదాన్ని తన పొట్టకింద పట్టుకుని రోజుల తరబడి మోస్తుంది. జత కట్టాక కూడా, డిప్ప గట్టిపడేవరకూ కాపలా కాస్తుంది. ఆడది ఆ వీర్యాన్ని దాచుకుంటుంది. ఒక్కసారి దాచుకున్నదానితో మళ్ళీ మగదాని మొహం చూడకుండానే ఒకటికి మించి కాన్పులకు గుడ్లు ఫలదీకరించుకోగలదు. ఒక గుత్తి ఇంకా పొట్టకింద ఉండగానే లోపల అండాశయం రెండోసారి నిండడం మొదలవుతుంది. అంటే ఎర్రగుడ్డు కోసం ఆడపీతను ఏరుకునే వారికి కూడా తొందర లాభం కాదు. గుత్తి బయటపడిన కొత్తలో లోపల ఖాళీ. గుడ్డు నల్లబడి, చిట్లే దాకా ఆగితే లోపల ఎంతో కొంత నిండుతుంది. తిండి యావతో చూసినా ఆగడమే మేలు.

గుడ్లు చిట్లేది ఎక్కువగా చీకట్లో. తల్లి కాళ్ళ మీద పైకి లేచి, పొట్టకింది మడతను విప్పి ఆడిస్తుంది. నీళ్ళు ఒక్కసారి మసకబారతాయి. ఆ మసక అంతా పిల్లలే. తొట్టెకు ఒక పక్క టార్చి పెడితే అన్నీ ఆ వెలుగు వైపు గుమిగూడతాయి. తలమీద ఒక ముల్లు, ముఖం నుంచి కిందికి మరొక ముల్లు, శరీరానికి మించిన కళ్ళు. పీత పోలిక ఒక్కటీ ఉండదు. అందుకే ఒకప్పటి శాస్త్రజ్ఞులు దీన్ని వేరే జంతువనుకుని జోయియా అని పేరు పెట్టి పక్కన పెట్టారు. అది పీత బిడ్డేనని 1820లలో జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు పెంచి చూపిస్తే చాలామంది నమ్మలేదు. నీలి పీత బిడ్డ నాలుగు జోయియా దశలు దాటి, మెగలోపా అనే నడిమి రూపం ఎత్తి, అప్పుడు వేలిగోరులో పట్టే పీత అవుతుంది. దీనికి రెండు మూడు వారాలు. ఈ వారాలన్నీ నీటి పైపొరల్లో కొట్టుకుపోతూ, కనిపించిన ప్రతి చేపకూ ఆహారమవుతూ గడుస్తాయి. బతికి బట్టకట్టినది ఏడాది తిరిగే లోపే ఈడుకు వస్తుంది.

మధ్యలో ఒక హెచ్చరిక. పొట్టకింద ఉబ్బెత్తుగా ఉన్నదల్లా గుడ్లే అనుకోకండి. సాక్యులినా అనే పరాన్నజీవి ఉంది. పడవల అడుగున అంటుకునే బార్నకిల్ గుల్లలకు దూరపు చుట్టం. పిల్ల దశలో పీత ఒంట్లోకి దూరి, వేళ్ళలా లోపలంతా పాకి, చివరకు గుడ్లు ఉండవలసిన చోట తన సంచిని బయటకు తోస్తుంది. ఆ తరువాత పీతకు సంతానం ఉండదు. ఆడపీత ఆ సంచినే తన గుడ్లనుకుని శుభ్రం చేస్తూ, నీళ్ళు ఆడిస్తూ సాకుతుంది. మగపీతకు పడితే దాని పొట్టకింది పలక కూడా వెడల్పయి, అది కూడా తల్లిలా ప్రవర్తిస్తుంది. పీత కష్టాలు పీతవి అన్నవాళ్ళకు ఇది తెలిసి ఉండదు. గుర్తు ఏమిటంటే, గుడ్లయితే వేలికి రవ్వలా గరుకుగా తగులుతాయి. సాక్యులినా నున్నటి సంచి, గింజ ఉండదు. దాన్ని తొట్టెలో పెట్టకూడదు, సముద్రంలోకి వదలకూడదు. దాన్ని వదిలితే పుణ్యం సాక్యులినాకు దక్కుతుంది.

సరే, ప్రభుత్వం ఏటా వేట ఆపుతోంది కదా, అది చాలదా అని అడగవచ్చు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట విరామం. మరపడవలకూ ఇంజన్ బిగించిన పడవలకూ వర్తిస్తుంది, తెడ్డు తెరచాపల మీద నడిచేవాటికి మినహాయింపు. విరామం మంచిదే. దాన్ని ఎవరు తిట్టినా నేను ఒప్పుకోను. కానీ పీతకు ఆ క్యాలెండర్ తెలియదు. వెచ్చటి నీటిలో ఈదే పీతలు ఏడాది పొడుగునా గుడ్లు పెడతాయి. కొన్ని నెలల్లో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. బజారులో నల్లగుడ్డు కనిపించని నెల నాకు గుర్తులేదు. పైగా పీతలుండేది ఒడ్డుకు దగ్గర, చిన్నవలల పరిధిలో. తేదీలు చూసుకుని ఆపే పద్ధతి చేపలకు ఎంత సరిపోయినా పీతకు సరిపోదు. పీతను చూసి ఆపే పద్ధతి కావాలి. నల్లగుడ్డు కంటికి కనిపించే గుర్తు, కొలబద్ద అక్కర్లేదు, చదువు అక్కర్లేదు.

ఇది నా బుర్రలో పుట్టినది కాదు. అమెరికాలో ఇదే కుటుంబానికి చెందిన నీలి పీత మీద బతికే చెసాపీక్ తీరం ఉంది. అక్కడ మేరీల్యాండ్ వాళ్ళు గుడ్ల పీతను పట్టనివ్వరు. పక్కనే ఉన్న వర్జీనియా వాళ్ళు వసంతకాలంలో కొన్ని నెలలు ముదురురంగు గుడ్లున్నదాన్ని మాత్రం ఉంచుకోనివ్వరు. రంగు చూసి నిబంధన పెట్టారన్నమాట. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ ఇంకా కఠినం, ఆడపీతనే ముట్టుకోనివ్వదు. 2015లో ఇండోనేషియా కూడా గుడ్ల పీతలను పట్టరాదని నిబంధన తెచ్చింది. ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, మన ఊళ్ళకు యథాతథంగా తేవాలని నేను అనను. ఎందుకో చెప్తాను.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత తీరం పెట్టుకుని కూడా మన జాలర్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి వేరేవాళ్ళ మరపడవల మీద కూలికి వేటాడతారు. 2018 నవంబరులో అలా వెళ్ళి పాకిస్తాన్ గస్తీకి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు 2020 జనవరిలో గానీ ఇళ్ళకు చేరలేదు. అదే 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు ఒడ్డు దాటి ఉద్దానం ఊళ్ళను ఊడ్చేసింది. ఇలాంటి చోట ఊళ్ళో మిగిలి, చిన్న పడవ మీద నాలుగు పీతలు తెచ్చుకునే మనిషి దగ్గరకు వెళ్ళి, ఆ నాలుగింటిలో రెండు సముద్రంలో పారెయ్ అని చట్టం చెప్తే, చట్టం ముఖం మీదే నవ్వుతాడు. నవ్వాలి కూడా. నిషేధాలు రాయడం ఏసీ గదిలో సులువు.

మరో చిక్కు కూడా ఉంది. వలలో చుట్టుకున్న పీతను బతికుండగా విడదీయడం మాటలు కాదు. పడవ ఒడ్డుకు చేరాక కళింగపట్నం ఇసుకలో కూర్చుని వల విడదీసేవారిని చూస్తే తెలుస్తుంది. ఒక కాలికి మూడు చుట్లు, ముల్లుకు రెండు చుట్లు. తొందరలో లాగితే కాలు ఊడి చేతిలోకి వస్తుంది. నిజానికి పీత తనే కాలు వదిలేస్తుంది. దాని కాళ్ళ మొదట్లో అందుకు తగ్గ కీలు ఉంటుంది, తరువాతి కుబుసాల్లో కొత్తకాలు మొలుస్తుంది. ఒక కాలు పోయిన పీత బతుకుతుంది. కానీ తెడ్లు రెండూ పోయి, ఎండలో గంట గడిచిన దాన్ని నీళ్ళలోకి విసిరినంత మాత్రాన కాపాడినట్టు కాదు. అది చస్తుంది, గుడ్లూ చస్తాయి, తెచ్చినవాడికి కూలీ పోతుంది.

అందుకే నాకు థాయిలాండ్ పద్ధతి నచ్చింది. అక్కడి తీరపు ఊళ్ళలో పీతల బ్యాంకు అని నడుపుతారు. గుడ్లున్న పీతను జాలరి తెచ్చి ఒడ్డున ఉన్న తొట్టెలోనో, నీళ్ళలో వేలాడదీసిన బుట్టలోనో వేస్తాడు. గుడ్లు చిట్లాక పిల్లలు సముద్రానికి, పీత బజారుకు. తల్లి పీత తెచ్చినవాడిదే కావచ్చు, అమ్మగా వచ్చిన డబ్బు తొట్టె నిర్వహణకే పోవచ్చు, ఊరిని బట్టి ఏర్పాటు. కాళ్ళు ఊడిన పీతయినా ఫరవాలేదు, నాలుగు రోజులు బతికి గుడ్లు చిట్లించగలిగితే చాలు. నల్లగుడ్డు దాన్నే ఎంచుకుంటే నాలుగు రోజులు కూడా అక్కర్లేదు, తొట్టె త్వరగా ఖాళీ అవుతుంది. పసుపు గుడ్డు దాన్ని కూడా ఆపమనడం న్యాయమే, కానీ వారం పదిరోజులు మేపాలి. అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, నీళ్ళు చెడతాయి. మొదట నల్లదానితో మొదలుపెట్టి కుదిరితే పసుపుదాని సంగతి చూద్దాం.

దీనికి కావలసిన సామాను చెప్తే నవ్వుతారు. ఒక పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము, సముద్రపు నీళ్ళు, గాలి బుడగలు వచ్చే చిన్న మోటారు, పైన కొబ్బరాకుల నీడ. రొయ్యల చెరువులూ హేచరీలూ ఉన్న జిల్లాలో గాలి మోటారు ఎక్కడ దొరుకుతుందో ఎవరినీ అడగక్కర్లేదు. జాగ్రత్త ఒక్కటే ముఖ్యం. పీత బిడ్డలకు ఉప్పు తగ్గితే పడదు. వంశధార వరదతో ఎర్రటి నీళ్ళు ముఖద్వారం దాటి వస్తున్న రోజుల్లో ఆ ఒడ్డునే డ్రమ్ము కుమ్మరిస్తే చంపినట్టే. అలాంటప్పుడు మర్నాడు వేటకు వెళ్ళే పడవలో ఒక క్యాను పెట్టి, అలలు దాటి శుభ్రమైన ఉప్పునీళ్ళలో పోయాలి. ఒడ్డు నుంచే లాగే అలివి వల వేసే చోట కూడా పోయకూడదు.

ఈ సంగతి నాకు పీతలు అమ్మే ఆమెతో అన్నాను. ఆమె గీకుతున్న చెయ్యి ఆపలేదు. "లక్ష పుడితే పది బతకవు మాస్టారూ, మీరే పాఠం చెప్తారు కదా. దానికి డ్రమ్ములూ మోటార్లూ ఎందుకు?" అంది. మంచి ప్రశ్న. శాస్త్రజ్ఞులు కూడా ఇదే అడుగుతారు. లక్షల్లో ఏ కొన్నో బతుకుతాయి కాబట్టే పీత లక్షల్లో పెడుతుంది. ఆ నష్టం సముద్రం లెక్కలోనిది. దాంట్లో చేపలు తినేది ఉంది, ఆలివ్ రిడ్లీ తినేది ఉంది, మళ్ళీ మన వలకు వచ్చేది ఉంది. కాలవలో పోయినది ఎవరి లెక్కలోనూ పడదు, ఎలుక కూడా తినదు. డ్రమ్ము పెట్టిన మర్నాటి నుంచి వలలు నిండుతాయని నేను ఎవరికీ చెప్పను. పిల్లలు ఎక్కడికి కొట్టుకుపోతాయో, బారువ దగ్గర వదిలినది గంజాం వాడి వలకు పడుతుందో ఎవరు చెప్పగలరు? ఈడుకు రాని చిట్టి పీతలను సన్న కన్ను వలలతో ఊడ్చడం ఆగకపోతే డ్రమ్ముల వల్ల ఒరిగేది కూడా తక్కువే. రెండింటిలో ఒకటే చేయగలం అంటే నేను వల కన్ను పెద్దది చేయడానికే ఓటు వేస్తాను. కానీ వల మార్చడానికి డబ్బు కావాలి, ఊరంతా ఒకేసారి ఒప్పుకోవాలి. డ్రమ్ముకు ఒక ఇల్లు ఒప్పుకుంటే చాలు.

నాకు ఒళ్ళు మండేది మరొక చోట. మన తీరం పొడుగునా ఆలివ్ రిడ్లీ గుడ్లను ఏరి, కంచె కట్టిన ఇసుకలో పాతిపెట్టి, పిల్లలను సముద్రంలోకి వదిలే కేంద్రాలున్నాయి. చాలా మంచి పని. కుక్కలూ నక్కలూ తవ్వి తినేస్తుంటే మనుషులు రాత్రంతా కాపలా కాస్తున్నారు. తాబేలు పిల్లలు వదిలే రోజున అధికారులూ బడిపిల్లలూ ఫొటోగ్రాఫర్లూ వస్తారు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి, రావాలి. ఆ తాబేలు తినే పీత మాత్రం మనకు ప్రకృతి కాదు, సరుకు. జోయియాలు ఫొటోలో పడవు, అదీ ఒక కారణమే. అదే హేచరీ పక్కన, అదే కాపలావాడి చేతికింద ఒక డ్రమ్ము పెట్టడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. మనిషి ఉన్నాడు, నీడ ఉంది, సముద్రం పదడుగుల్లో ఉంది.

డబ్బు లేదనడానికీ వీల్లేదు. వేట విరామ భృతిని ఒక్కో కుటుంబానికి రూ. 20,000కు పెంచి ఇవ్వడం 2025 ఏప్రిల్‌లో మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే మొదలైంది. జాలరికి ఆ డబ్బు హక్కుగా అందాలి, అందులోంచి ఎవరూ డ్రమ్ముకు చందా అడగకూడదు. కానీ చేపలు పెరగడం కోసం ఇంత ఖర్చు పెట్టే వ్యవస్థకు, ఊరికో గాలి మోటారు బరువు కాదు. అయితే అర్జీ పెట్టి, అది ఫైలై, ఫైలు విశాఖపట్నం వెళ్ళి వచ్చేలోగా ఎన్ని గీకులు పడతాయో లెక్కవేసుకుంటే అర్జీ మీద నాకు మోజు పోయింది.

కొనేవారు చేయగలిగింది కూడా కొంత ఉంది. బజారుకు వచ్చేసరికి ఈదే పీత దాదాపు చచ్చే ఉంటుంది కాబట్టి అక్కడ జాలిపడి లాభం లేదు. గుడ్లు గీకించుకుని, తూకం తగ్గించుకుని గెలిచామని ఇంటికి వెళ్ళేకంటే, ఈ పీత ఏ ఒడ్డుది, నల్లగుడ్డు దాన్ని అక్కడే ఆపవచ్చు కదా అని ఒక మాట వేయండి. అమ్మే ఆమె తెల్లవారుజామున ఒడ్డున వేలంపాట పాడుకుని బుట్ట ఎత్తుకువచ్చే మనిషి. కొనేవారు అడిగిన మాట మర్నాటికల్లా ఒడ్డుకు చేరుతుంది. ధర ఒడ్డుకు చేరడం లేదా ఏమిటి?

బుడగట్లపాలెం, బందరువానిపేట, కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు విజయనగరం వైపు చింతపల్లి, వీటిలో ఏ ఊరివారైనా సరే, ఒక వేసవి నుంచి మరో వేసవి దాకా నడిపి చూస్తామంటే డ్రమ్మూ మోటారూ నేను కొనిస్తాను. సాక్యులినాను గుర్తుపట్టడం నేర్పిస్తాను, అది ఒక పూట పని. కరెంటు మాత్రం ఊరు చూసుకోవాలి. చిట్లిన తరువాత ఆ పీతలను నాకే అమ్మాలని షరతు పెడదామనుకున్నాను గానీ, మా ఆవిడ ఒప్పుకోలేదు.